మాస్టారి మోకాలు: శ్రీనగర్ నుంచి కన్యాకుమారి సైకిల్ రైడ్‌లో ఒక కేసు

నేను హనుమకొండలో ఫిజియోథెరపిస్టుని. 2023 అక్టోబరు 2న శ్రీనగర్‌లో బయలుదేరి నవంబరు 9న కన్యాకుమారి చేరిన పద్నాలుగు మంది సైకిల్ బృందంతో సపోర్ట్ వ్యానులో వెళ్లాను. దారి పొడవునా 44వ నంబరు జాతీయ రహదారే. మనవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు హైవే అని పిలిచే నాగపూర్ రోడ్డు, బెంగళూరు రోడ్డు కూడా 2010లో నంబర్లు మార్చినప్పుడు ఇందులో కలిశాయి. మొత్తం 3,700 కిలోమీటర్ల పైచిలుకు. 39 రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి.

దారిలో నా దగ్గరికి వచ్చిన ఇబ్బందులు చాలా ఉన్నాయి. కూర్చునే చోట పుండ్లు, మెడ పట్టేయడం, పంజాబ్‌లో పొలాల పొగకు దగ్గు, నీళ్లు పడక విరేచనాలు. వాటిలో ఒక్క కేసునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కారణం, ఇందులో నేను రెండు తప్పులు చేశాను. ఆ రెండూ నా వృత్తిలో ఉన్నవాళ్లు చాలా తేలిగ్గా చేసే తప్పులు. పేషెంటు అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు రాయడం లేదు. బృందంలో అందరం ఆయన్ని మాస్టారు అనే పిలిచేవాళ్లం.

మనిషి, సైకిలు

వయసు 52. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. షుగర్, బీపీ లేవు. మోకాళ్లకు పాత దెబ్బలేవీ లేవు. ఏడేళ్లుగా సైకిల్ తొక్కుతున్నారు. తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిలు. రైడ్‌లో చేరే ప్రతి ఒక్కరూ ముందుగా 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) ఒకటి పూర్తి చేసి ఉండాలన్నది మేం పెట్టుకున్న నియమం. దానికి ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. మాస్టారు 12 గంటల 50 నిమిషాల్లో ముగించారు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఒక్క రోజు 200 కిలోమీటర్లు తొక్కగలగడం వేరు, వరసగా నెల రోజులు రోజుకు వందకు పైగా తొక్కడం వేరు. మొదటిది ఊపిరికి, పట్టుదలకు పరీక్ష. రెండోది కీళ్లకు, నరాలకు, చర్మానికి, నిద్రకు పరీక్ష. బ్రెవే సర్టిఫికెట్ చూసి మనిషి సిద్ధంగా ఉన్నాడని అనుకోవడం సరికాదని నాకు ముందే తెలుసు. కానీ అంతకంటే మంచి కొలత మా దగ్గర లేదు.

జులైలో అందరి సైకిళ్లకూ ఫిటింగ్ చేశాను. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల మధ్య వంగి ఉండాలని సాధారణంగా చూస్తాం. మాస్టారికి 30 డిగ్రీలు వచ్చేలా సీటు పెట్టాను. పెడల్ కాడలు రెండూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా 70.5 సెంటీమీటర్లు. ఆ ఎత్తు దగ్గర సీట్ పోస్ట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టాం. తరువాత సైకిళ్లను అట్టపెట్టెల్లో ప్యాక్ చేసి శ్రీనగర్ పంపాం. ప్యాక్ చేయాలంటే సీటు, హ్యాండిల్, ముందు చక్రం విప్పక తప్పదు.

మొదటి తొమ్మిది రోజులు

శ్రీనగర్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాజీగుండ్ దాటాక బనిహాల్ సొరంగం ఎనిమిదిన్నర కిలోమీటర్లు, రాంబన్ దాటాక చెనాని–నాష్రి సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పైన. రెండింటిలోనూ సైకిళ్లను వ్యానులో ఎక్కించే దాటాం. కొండ దారిలో ఎవరి వేగం వాళ్లది. లారీలు, మలుపులు, కొండచరియలు విరిగిపడిన చోట్ల బురద, వీటి మధ్య అందరూ నిదానంగానే ఉన్నారు. జమ్మూ చేరేదాకా మాస్టారికి ఏ బాధా లేదు.

పఠాన్‌కోట్ దాటాక రోడ్డు బల్లపరుపు. నాలుగు, ఆరు లేన్ల హైవే, పక్కన సర్వీస్ రోడ్డు, అటూ ఇటూ వరి పొలాలు. అక్కడ ముందున్న ఆరుగురికీ ఊపు వచ్చింది. గంటకు 25, 27 కిలోమీటర్లు. వెనక గాలి ఉన్న పూట ముప్పై కూడా. జలంధర్, లూధియానా, అంబాలా వరసగా దాటేశాం. ప్లాన్ కంటే సగం రోజు ముందున్నామని సాయంత్రాలు సంబరంగా ఉండేది. నేనూ సంతోషించాను.

అక్టోబరు 10 మధ్యాహ్నం, కర్నాల్ దగ్గర ఒక ఢాబా ముందు మాస్టారు మెట్లు దిగుతుంటే చూశాను. కుడి కాలు ముందు దించి, ఎడమ కాలిని దాని పక్కకు చేర్చి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనిస్తున్నారు. మెట్లు దిగేటప్పుడు పైమెట్టు మీద వంగే మోకాలిపైనే భారం పడుతుంది. కుడి మోకాలికి ఆ భారం తప్పిస్తున్నారని అర్థమైంది.

"మాస్టారూ, మోకాలు ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"ఏం లేదు డాక్టర్ గారూ, కొంచెం పట్టేసింది" అన్నారు. రెండోసారి అడిగితే నాలుగు రోజులైందన్నారు. అంటే జలంధర్ నుంచి.

పరీక్షలో తేలినవి ఇవి. నొప్పి మోకాలి చిప్ప చుట్టూ, ముఖ్యంగా పైభాగంలో. వాపు లేదు. కీలు మధ్యలో పట్టేయడం లేదు, కాలు ఉన్నట్టుండి జారిపోవడం లేదు. రాత్రి నొప్పితో మెలకువ రావడం లేదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా రైడ్ అక్కడితో ఆపించి ఎముకల డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. ఒంటికాలి మీద కొద్దిగా కూర్చోమంటే పదికి ఆరు నొప్పి చెప్పారు. తొడ ముందు కండరం బిగుసుకుపోయి ఉంది. లిగమెంట్లు గట్టిగానే ఉన్నాయి. చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే నొప్పి అని నిర్ధారించుకున్నాను. సైకిల్ తొక్కేవాళ్లలో మోకాలి ముందు నొప్పి చాలా మామూలు.

మోకాలి ముందు నొప్పి వస్తే మొదట సీటు ఎత్తు చూడాలి. టేపుతో కొలిచాను. 69 సెంటీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు దిగిపోయింది. గుర్తుగా చుట్టిన టేపు ప్యాకింగ్‌లో ఊడిపోయింది, శ్రీనగర్‌లో చీకట్లో సైకిళ్లు బిగించేటప్పుడు కంటి అంచనాతో పెట్టారు. నేను మళ్లీ కొలవలేదు. పద్నాలుగు సైకిళ్లు, చలి, తెల్లారితే బయలుదేరాలన్న హడావుడి. కొలిచి ఉండాల్సింది.

సీటు తక్కువైతే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు అవసరమైన దానికంటే ఎక్కువ వంగుతుంది. అలా వంగిన స్థితిలో బలంగా తొక్కితే చిప్ప తొడ ఎముక మీదికి గట్టిగా అదుముకుంటుంది. నిమిషానికి డెబ్భై సార్లు పెడల్ తిరిగినా, రోజుకు ఆరు గంటల తొక్కుడులో ఒక్కో మోకాలు పాతిక వేల సార్లు వంగుతుంది. ఒకటిన్నర సెంటీమీటరు చిన్న తేడా కాదు.

నా మొదటి తప్పు

కారణం దొరికింది కాబట్టి కేసు ముగిసిందనుకున్నాను. సీటును ఒకేసారి పెంచితే వెనక కండరాలు లాగుతాయి కాబట్టి ఆ రోజు 8 మిల్లీమీటర్లు, రెండు రోజుల తరువాత మిగతా 7 పెంచాను. చిప్పకు టేపింగ్ చేశాను. తొడ ముందు కండరం సాగదీసే వ్యాయామం ఇచ్చాను. బరువు గేర్లు వదిలి తేలిక గేరులో పెడల్ వేగంగా తిప్పమని, నిమిషానికి 80కి తగ్గకూడదని చెప్పాను. ఢిల్లీలో ఒక రోజు విశ్రాంతి దొరికింది. నొప్పి మూడుకు దిగింది. పుస్తకంలో రాసినట్టే జరుగుతోందని ధైర్యం వచ్చింది.

మథుర, ఆగ్రా, ధోల్‌పూర్. చంబల్ వంతెన మీద అందరం ఫొటోలు దిగాం. మాస్టారు చివరగా వచ్చి, ఫొటోలో నిలబడి, వెంటనే సైకిలెక్కారు. గ్వాలియర్ చేరిన సాయంత్రం మళ్లీ ఆరు. మరుసటి రోజు ఝాన్సీ చేరేసరికి ఏడు. అదే సాయంత్రం ఇంకో ఇద్దరు నా గది తలుపు తట్టారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, రెండోవారు మా బృందంలోని ముగ్గురు మహిళల్లో పెద్దావిడ, నలభై ఎనిమిదేళ్లావిడ. ఇద్దరికీ మోకాలి ముందు నొప్పి. ఇద్దరి సీట్లూ కొలిచాను. జులైలో పెట్టిన ఎత్తు దగ్గరే ఉన్నాయి, ఒక్క మిల్లీమీటరు తేడా లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీటు సరిగ్గా ఉన్నవాళ్లకూ అదే నొప్పి వస్తోందంటే నేను పట్టుకున్నది సగం కారణమే. ఆ ముగ్గురిలో ఉన్న పోలిక ఒక్కటే. రోజూ ఆఖరున వచ్చేది ఈ ముగ్గురే.

డ్రైవర్ అన్న నోటుబుక్

మా వ్యాను డ్రైవర్ అన్నకు ఒక అలవాటు ఉంది. ఎవరూ వెనక మిగిలిపోకూడదని, ఆగిన ప్రతి చోటా ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో డీజిల్ లెక్కలు రాసే నోటుబుక్‌లోనే రాసుకునేవాడు. ఎవరూ చెప్పలేదు, తన బాధ్యత అనుకుని రాశాడు. ఝాన్సీలో విశ్రాంతి రోజు, అక్టోబరు 17 ఉదయం, టీ తాగుతూ ఆ నోటుబుక్ అడిగి తీసుకున్నాను. ఈ కేసులో నాకు దొరికిన అతి విలువైన రికార్డు అదే.

ఒక ఉదాహరణ. ధోల్‌పూర్, గ్వాలియర్ మధ్య ఒక ఆగిన చోటు. మొదటి ఆరుగురు 10:05కి వచ్చారు. మాస్టారు 10:24కి వచ్చారు. అందరూ కదిలింది 10:30కి. ముందున్నవాళ్లకు పాతిక నిమిషాలు. టీ, పరోటా, బాత్రూమ్, ఫోన్, కాళ్లు చాపుకుని కూర్చోవడం. మాస్టారికి ఆరు నిమిషాలు. ఆయన దిగి హెల్మెట్ తీసేసరికి "ఇంక పోదామా?" అనే మాట వినపడుతుంది. అది ఎవరూ చెడుగా అన్న మాట కాదు. అందరూ వచ్చేశారు కదా, బయలుదేరదాం అనుకోవడం సహజం.

ఆ రోజు లెక్కంతా కలిపి చూశాను. ఏడు చోట్ల ఆగాం. అందరికంటే ముందు వచ్చిన కుర్రాడికి దొరికిన విశ్రాంతి 2 గంటల 10 నిమిషాలు. మాస్టారికి 38 నిమిషాలు. వయసులో చిన్నవాడు, బలమైనవాడు రెండు గంటలు కూర్చుంటున్నాడు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతోంది. గ్వాలియర్‌కు ముందు పేజీలన్నీ తిరగేశాను. పఠాన్‌కోట్ దాటిన నాటి నుంచి ప్రతి రోజూ ఇదే లెక్క.

ఇది విశ్రాంతి ఒక్కదానితో ఆగదు. బృందంగా తొక్కేటప్పుడు ముందువాడి వెనక దగ్గరగా ఉంటే గాలి తాకిడి తగ్గి, వేగాన్ని బట్టి శ్రమ పావు వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కలిసి వస్తుంది. కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, టోల్ గేటు దగ్గరో, ట్రాక్టర్ అడ్డం వచ్చినప్పుడో వెనకవాడు యాభై మీటర్లు తెగిపోతే ఆ నీడ పోతుంది. మళ్లీ కలుసుకోవాలంటే ముందున్నవాళ్లకంటే వేగంగా, పూర్తి గాలిని ఒంటరిగా చీల్చుకుంటూ తొక్కాలి. బరువు గేరు వేసి, పళ్లు బిగించి తొక్కే తొక్కు అదే. రోజుకు అలా ముప్పై, నలభై సార్లు. నేను తేలిక గేరులో తొక్కమని చెబుతున్నాను. ఆయన సరేనంటున్నారు. బృందం తెగిపోగానే మళ్లీ బరువు గేరే.

మాస్టారితో ఆ మధ్యాహ్నం గంటసేపు మాట్లాడాను. ఆగిన చోట నీళ్లు నింపుకునే టైం ఉండదని తాగడమే తగ్గించారట. సాయంత్రానికి బాటిల్ సగం అలాగే ఉండేది. వ్యాయామం చేస్తూ నిలబడితే నలుగురూ తన కోసం ఆగినట్టవుతుందని చేయలేదట. "నా వల్ల లేటవుతోందనే మాట రాకూడదు డాక్టర్ గారూ. నేనే పెద్దవాణ్ని, నేనే అడగాలంటే ఎట్లా?" అన్నారు. ముప్పై ఏళ్లు బడిలో వెనకబెంచీ పిల్లల కోసం పాఠం రెండోసారి చెప్పిన మనిషి, తనకోసం ఐదు నిమిషాలు అడగలేకపోయారు. నాకు చాలా బాధ కలిగింది. ఎనిమిది రోజులు ఆయన మోకాలికి టేపు అతికించాను కానీ ఈ ప్రశ్న అడగలేదు.

ఏం మార్చాం

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో అందరినీ కూర్చోబెట్టి నోటుబుక్‌లో రెండు పేజీలు చదివాను. ఎవరి పేరూ ఎత్తి తప్పు పట్టలేదు, టైములు మాత్రం చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా రైడ్ కెప్టెన్ సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. "మా దగ్గర కాన్వాయ్ వేగం అంటే ఆఖరి బండి వేగమే. ఇది నాకు తెలిసి కూడా మరిచిపోయాను" అన్నాడు.

అభ్యంతరం కూడా వచ్చింది, అది న్యాయమైనదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు, "ఆర్నెల్లు ట్రైనింగ్ చేసి వచ్చాం మేడం, రోజంతా పద్దెనిమిదిలో తొక్కితే మాకూ నడుం నొప్పే" అన్నాడు. నిజమే. తన సహజ వేగం కంటే బాగా మెల్లగా తొక్కించడం కూడా ఒంటికి ఇబ్బందే.

చివరికి మూడు చిన్న జట్లుగా విడిపోయాం. మాస్టారు, ఇంకో నలుగురు తెల్లవారుజామున నలభై నిమిషాలు ముందు బయలుదేరతారు. కెప్టెన్ వాళ్ల ముందుంటాడు, మాస్టారు సరిగ్గా అతని వెనక రెండో స్థానంలో. రెండో స్థానంలో ఉన్న మనిషి తెగిపోతే ముందున్నవాడికి వెంటనే తెలుస్తుంది. వేగంగా తొక్కే నలుగురు ఆఖరున బయలుదేరి తమ వేగంతో వచ్చి తరువాతి ఆగే చోట కలుస్తారు. మిగతావాళ్లు మధ్య జట్టు. విశ్రాంతి గడియారం ఆఖరి మనిషి సైకిలు దిగి స్టాండు వేసినప్పుడు మొదలవుతుంది, ఇరవై నిమిషాలు. ఆ గడియారం డ్రైవర్ అన్న చేతిలో ఉంటుంది, ఆయన చెప్పేదాకా ఎవరూ కదలరు. ఆగే చోట్లు ఏడు నుంచి నాలుగుకు తగ్గించాం.

ఫలితం గురించి నాకే సందేహం ఉండేది, రోజు సాగిపోతుందేమోనని. లలిత్‌పూర్ దాటిన మూడో రోజుకు లెక్క చూస్తే తొక్కే వేగం సగటున 24 నుంచి 21కి తగ్గింది. కానీ పొద్దున బయలుదేరిన దగ్గరి నుంచి సాయంత్రం లాడ్జి చేరేదాకా పట్టే టైం అరగంట తగ్గింది. ఆగే చోట్లు తగ్గడం, వెనకవాళ్ల కోసం ఎదురుచూడటం తగ్గడం వల్ల.

మాస్టారిని ఝాన్సీ నుంచి లలిత్‌పూర్ దాకా పూర్తిగా, ఆ మరునాడు సాగర్ దారిలో సగం దూరం వ్యానులో కూర్చోబెట్టాను. మొత్తం 150 కిలోమీటర్ల దాకా ఆయన తొక్కలేదు. దానికి ఒప్పించడం కష్టమైంది. కిటికీలోంచి రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. నర్మద దాటే రోజు, బర్మాన్ దగ్గర, ఆయన మళ్లీ పూర్తి దూరం తొక్కారు. సాయంత్రం నొప్పి మూడు. సివనీలో రెండు. మిగతా ఇద్దరికీ అప్పటికి నొప్పే లేదు, వాళ్లకు నేను టేపు కూడా వేయలేదు.

నా రెండో తప్పు

సివనీ నుంచి నాగపూర్ దారిలో పెంచ్ అడవి వస్తుంది. జంతువులు కింద నుంచి దాటిపోవడానికి అక్కడ చాలా చోట్ల రోడ్డునే పైకెత్తి కట్టారు. చూడటానికి ఎంతో ఆనందంగా ఉంటుంది. సైకిల్ మీద ఉన్నవాళ్లకు మాత్రం వంతెన జాయింటు వచ్చిన ప్రతిసారీ అరచేతికి ఒక దెబ్బ.

అక్టోబరు 23 రాత్రి నాగపూర్ చేరాం. మరునాడు విజయదశమి. అంబేద్కర్ బౌద్ధం తీసుకున్న దీక్షాభూమికి లక్షల మంది వచ్చే రోజు కావడంతో ఊళ్లో గదులు దొరక్క ఊరి బయట దిగాం. పొద్దున మాస్టారు చొక్కా గుండీ పెట్టుకోలేక ఇబ్బంది పడుతుంటే గదిలో ఉన్న సాటి రైడర్ నాకు చెప్పాడు. వెళ్లి చూస్తే ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి ఉన్నాయి. బొటనవేలు, చూపుడు వేలు మధ్య కాగితం పట్టుకోమని లాగితే, జారిపోకుండా ఉండటానికి బొటనవేలి కొస వంచుతున్నారు. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం నొక్కుకుపోయినప్పుడు కనిపించే లక్షణం ఇది. లఖ్‌నాదౌన్ దగ్గర మొదలైందట. మోకాలు తగ్గుతోంది కదా, మళ్లీ ఇంకోటి చెబితే బాగుండదని ఊరుకున్నారు.

కారణం నేనే. సీటు ఒకటిన్నర సెంటీమీటరు పెంచాను, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంచాను. సీటు పైకి లేస్తే ఒళ్లు ముందుకు వాలుతుంది, బరువు అరచేతుల మీదికి వస్తుంది. జులై ఫిటింగ్‌లో ఇది సరిపోయింది, ఎందుకంటే అప్పుడు హ్యాండిల్ కూడా దానికి తగ్గట్టు ఉంది. శ్రీనగర్‌లో బిగించినప్పుడు హ్యాండిల్ కింద ఉండాల్సిన రింగులు రెండు పైకి వెళ్లాయి, దాంతో హ్యాండిల్ కూడా సెంటీమీటరు దిగింది. కర్నాల్‌లో సీటు కొలిచిన నేను హ్యాండిల్ కొలవలేదు. నా కళ్లన్నీ మోకాలి మీదే ఉన్నాయి.

మెకానిక్ రింగులు సరిచేసి, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను తిరగేసి బిగించాడు, హ్యాండిల్ మొత్తం మీద మూడు సెంటీమీటర్లు లేచింది. కొద్దిగా ముందుకు వంగి ఉన్న సీటు ముక్కును సమం చేశాడు. హ్యాండిల్ రెండు కొసలకూ కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు నాగపూర్‌లోనే కొని వేయించాం. పది నిమిషాలకోసారి చేయి పట్టు మార్చమని, చక్రాల్లో గాలి కొంచెం తగ్గించి తొక్కమని చెప్పాను. హైదరాబాద్‌లో విశ్రాంతి రోజు ఎముకల డాక్టరు చూసి, మోకాలి ఎక్స్‌రే బాగుందని, చేతి బలం ఇంకా తగ్గితే మాత్రం వెంటనే ఆపేయాలని చెప్పారు. తిమ్మిరి మెల్లగా తగ్గుతూ వచ్చింది. బలం మాత్రం అంత తొందరగా రాలేదు.

తొప్పూర్ ఘాట్ ముందు

ధర్మపురి నుంచి సేలం వెళ్లేటప్పుడు తొప్పూర్ ఘాట్ రోడ్డు దక్షిణంగా వెళ్లేవాళ్లకు దిగుడు. బ్రేకులు పట్టు తప్పిన లారీలు పెద్ద ప్రమాదాలు చేసిన చోటు అది. బృందమంతా ఒక వరసలో, వెనక వ్యానుతో దిగాలని నిర్ణయించుకున్నాం. దానికి ముందు మాస్టారిని ఒక పరీక్ష చేశాను. సైకిలు నిలబెట్టి ఎడమ బ్రేకు గట్టిగా పట్టుకోమన్నాను, ఒక నిమిషం. నలభై సెకన్లకు వేళ్లు వణకడం మొదలైంది, తరువాత పట్టు సడలింది.

"ఈ దిగుడు వ్యానులో రండి మాస్టారూ" అన్నాను.

"కాశ్మీర్ నుంచి వచ్చి, ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగానా?" అన్నారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నేను కారణం చెప్పాను. మోకాలి నొప్పి ఆయన ఒక్కరిదే, ఎంత భరించాలో ఆయన ఇష్టం కొంత ఉంటుంది. బ్రేకు పట్టు సడలితే ముందున్నవాళ్లు కూడా పడతారు. అది విని ఒక్క క్షణం ఆలోచించి, సైకిలు తానే ఎత్తి వ్యానులో పెట్టారు. దిగుడు అయిపోయాక మళ్లీ ఎక్కారు.

సేలం తరువాత ఈశాన్య రుతుపవనాల వాన రెండు రోజులు తడిపింది. తడి షార్ట్స్ ఆరక ఇద్దరికి పుండ్లు తిరగబెట్టాయి. మాస్టారికి మోకాలు ఒకటి దగ్గరే నిలిచింది. తిరునల్వేలి దాటాక ముప్పందల్ గాలిమరల మధ్య నుంచి వెళ్లి, నవంబరు 9 మధ్యాహ్నం కన్యాకుమారిలో వేగంగా తొక్కే జట్టుతో కలిసి దిగారు. ఆ నలుగురూ ఊరి బయట ఆగి ఆయన వచ్చేదాకా ఎదురుచూశారు. ఎవరూ చెప్పకుండానే చేశారు.

తరువాత

దీపావళికి అందరూ ఇళ్లు చేరారు. ఆరు వారాల తరువాత మాస్టారు నా క్లినిక్‌కు వచ్చారు. మెట్లు మామూలుగా దిగుతున్నారు. కాగితం పరీక్షలో బొటనవేలు ఇంకా కొద్దిగా వంగుతోంది. నరం పరీక్ష చేయించాం, సంకేతం నెమ్మదిగా వెళుతున్నా నరం తెగిపోలేదని వచ్చింది. వేళ్ల చిన్న కండరాలకు వ్యాయామాలు ఇచ్చాను. మూడు నెలలు నిండేసరికి రెండు చేతుల పట్టూ సమానమైంది.

ఈ ఒక్క కేసుతో అందరి మోకాళ్ల గురించీ చెప్పలేను. మాస్టారి విషయంలో సీటు ఎంత, వేగం ఎంత, విశ్రాంతి లేకపోవడం ఎంత అన్నది విడదీయలేను, ఎందుకంటే మూడింటినీ వారం తేడాలోనే మార్చాను. మిగతా ఇద్దరి విషయంలో మాత్రం సీటు ముట్టుకోలేదు, జట్లు, విశ్రాంతి మార్చాక వాళ్ల నొప్పి పోయింది. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది అదే.

ఇప్పుడు నా రైడ్ ఫారంలో మూడు గడులు కొత్తగా చేర్చాను. సైకిలు విప్పి బిగించిన ప్రతిసారీ సీటు ఎత్తు, హ్యాండిల్ ఎత్తు రెండూ. ప్రతి సాయంత్రం, నొప్పి అడగకముందే, గుండీలు పెట్టుకోవడం ఎలా ఉందని. ఇక ప్రతి ఆగే చోటా ఆఖరున వచ్చింది ఎవరు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు అని. ఈ మూడో గడి నింపే బాధ్యత డ్రైవర్ అన్నదే. తరువాతి రైడ్‌కు కూడా ఆయన్నే రమ్మన్నాను, నోటుబుక్ మాత్రం ఈసారి వేరేగా కొనిచ్చాను.